మనం దాచిందే మనకి దొరికినట్టా?

పిల్‌బాక్స్ వెనక డబ్బా లేదు.

ఉండాల్సిన చోటు మాత్రం కనిపిస్తూనే ఉంది. గోడకి అల్లుకున్న ఐవీ తీగని పక్కకి జరిపితే, కాంక్రీటు పెచ్చు ఊడిన దగ్గర అరచెయ్యి పట్టేంత బొరియ. ఇంకో రెండు మీటర్లు అంటోంది ఫోను. దాచినవాళ్ళు ఇచ్చిన సూచన కూడా తీగ వెనక, నడుమెత్తున అనే. చెయ్యి పెట్టి తడిమాను. తడి మట్టి, సాలెగూడు, ఎవరో తిని దోపిన చాక్లెట్ కాగితం. అంతే. తర్వాత మా అమ్మాయి తడిమింది. దాని చెయ్యి సన్నం కాబట్టి మోచేతి దాకా వెళ్ళింది. ఆ తర్వాత మా నాన్న, అసలు మేం వెతికేది ఏమిటో పూర్తిగా నమ్మకం కుదరకపోయినా, చేతికర్రతో చుట్టూ ఉన్న నెటిల్ మొక్కల్ని పక్కకి నొక్కి నేలంతా చూశాడు. అరగంట గడిచింది.

అది దొరికితే మా అమ్మాయికి వందోది. తొమ్మిదేళ్ళ పిల్ల, రెండేళ్ళుగా ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటోంది. తొంభై తొమ్మిదోది దొరికి అప్పటికి గంట. వందోది తాతయ్యతో కలిసి దొరకాలని దాని కోరిక. తాతయ్య గురువారం ఫ్లైటెక్కి రాజమండ్రి వెళ్ళిపోతాడు. ఆ రోజు ఆదివారం.

నా బ్యాగులో ఒక ఖాళీ ఫిల్ము డబ్బీ ఉంది. అందులోకి సరిపోయే కాయితం చుట్ట కూడా ఉంది. అక్కడ నేను చేసిన పని గురించే ఈ వ్యాసం.

* * *

జియోకాషింగ్ తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. జీపీఎస్ సంకేతాల్లో మామూలు జనం వాడే వాటికి అమెరికా ప్రభుత్వం కావాలనే కొంత తప్పు కలిపేది. చేతిలో యంత్రం ఉన్నా మనం ఎక్కడున్నామో చెప్పడంలో వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మే మొదట్లో ఆ కల్తీని ఆపేశారు. రాత్రికి రాత్రి యంత్రాలు పదీ ఇరవై మీటర్లలోకి వచ్చేశాయి. మే 3న డేవ్ అల్మర్ అనే ఆయన ఆరెగన్ రాష్ట్రంలో, బీవర్‌క్రీక్ అనే ఊరి దగ్గర అడవిలో ఒక నల్ల బకెట్టు దాచాడు. అందులో పుస్తకాలు, ఒక ఉండేలు, ఒక చిక్కుడు గింజల డబ్బా లాంటివి వేసి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్లో పెట్టాడు. కొద్ది రోజుల్లోనే ఎవరో వెళ్ళి పట్టుకున్నారు. ఆట మొదలైపోయింది. ఇప్పుడు ప్రపంచమంతటా ముప్ఫై లక్షల పైనే ఉన్నాయి ఇలా దాచిన డబ్బాలు.

నియమాలు తేలిక. డబ్బా దొరికితే అందులో ఉన్న చిన్న పుస్తకంలో పేరూ తేదీ రాయాలి. లోపలి వస్తువు ఏదైనా తీసుకుంటే దానికి సమానమైనదో, ఇంకాస్త మంచిదో పెట్టాలి. ఎక్కడ తీశామో అక్కడే పెట్టెయ్యాలి. దారిన పోయేవాళ్ళ కంట పడకూడదు. ఇంటికొచ్చాక ఆ డబ్బా పేజీలో 'దొరికింది' అని గానీ, 'దొరకలేదు' అని గానీ రాయాలి. డబ్బులుండవు, బహుమతులుండవు, అంపైరుండడు. నువ్వు నిజంగా వెళ్ళావా లేదా అని చూసేవాళ్ళెవరూ ఉండరు.

డబ్బాని క్యాష్ అంటారు. "క్యాషన్నావు, డబ్బులేవిరా?" అని నాన్న మొదటి డబ్బా దగ్గరే అడిగాడు. అందులో ఒక ప్లాస్టిక్ డైనోసారు, రెండు గోళీలు, విరిగిన కీ చెయిను ఉన్నాయి. మా అమ్మాయి గోళీ తీసుకుని రాజమండ్రి నుంచి తాతయ్య తెచ్చిన లక్కపిడత పెట్టింది. సమానమైనదేనా అని నన్ను రెండుసార్లు అడిగింది కూడా.

మేం నడుస్తున్నది కెన్నెట్ అండ్ ఏవన్ కాలవ గట్టు. రెడింగులో రైలెక్కి థాచమ్‌లో దిగి, అక్కణ్ణించి ఆల్డర్‌మాస్టన్ దాకా గట్టు వెంట నడిచి, మళ్ళీ రైల్లో ఇంటికి. ఐదారు మైళ్ళు. మే నెల. హాథార్న్ పొదలు తెల్లగా పూసి ఉన్నాయి. నాన్నకి అరవై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళ నొప్పులున్నా కాలవ అనేసరికి బయల్దేరాడు. ఉద్యోగమంతా గోదావరి కాలవల మీద లస్కరుగా, తర్వాత లాకుల దగ్గర చేశాడు. థాచమ్ స్టేషను దగ్గర్లోనే మంకీ మార్ష్ లాకు ఉంది. దాని గోడలు పై భాగంలో రాతివో ఇటుకవో కావు. వాలుగా ఉన్న పచ్చిక గట్లు. ఈ కాలవ మీద ఇలాంటి లాకులు రెండే మిగిలాయి. నాన్న దాని అంచున నిలబడి చాలాసేపు చూశాడు. "పడవ ఒకటి దాటాలంటే ఈ గడ్డంతా మునిగేదాకా నీళ్ళు పట్టాలి. ఎంత నీళ్ళు దండగ!" అన్నాడు. తర్వాత, "ఇంతకీ ఈ కాలవ కింద ఆయకట్టు ఎంతరా?" అని అడిగాడు.

ఆయకట్టు లేదు నాన్నా, పొలాలకి నీళ్ళివ్వరు, పడవల కోసం తవ్వారు అని చెప్పాను. 1810లో పూర్తయింది. బ్రిస్టల్ వైపుకీ లండన్ వైపుకీ సరుకు మొయ్యడానికి 87 మైళ్ళు. తర్వాత రైలొచ్చింది, సరుకు పోయింది, కాలవ పూడిపోయింది. గత శతాబ్దం మధ్యకి వచ్చేసరికి చాలాచోట్ల పడవ కదిలే వీలే లేదు. మామూలు జనం సెలవురోజుల్లో వచ్చి బురద తోడి, లాకులు బాగుచేసి, ఏళ్ళ తరబడి పనిచేస్తే 1990లో మళ్ళీ ఈ చివర నుంచి ఆ చివర దాకా తెరుచుకుంది. ఇప్పుడు దీనిమీద సరదా పడవలే తిరుగుతాయి.

"పొలానికి నీళ్ళివ్వదు, సరుకు మొయ్యదు. మరెందుకు బాగుచేశారు?"

"ఇష్టంకొద్దీ."

ఆ జవాబు నాన్నకి నచ్చలేదు. కాటన్ దొర ధవళేశ్వరంలో 1847 నుంచి 1852 దాకా ఆనకట్ట కట్టి తవ్వించిన కాలవల్లో నీళ్ళూ పారాయి, పడవలూ నడిచాయి. కాలవంటే ఏదో ఒక పనికి రావాలి అన్నది ఆయనకి పుట్టుకతో వచ్చిన నమ్మకం.

* * *

1940లో జర్మన్లు దండెత్తి వస్తారని భయపడి ఈ కాలవ వెంట కాంక్రీటు పిల్‌బాక్సులు కట్టారు. తుపాకులు పెట్టుకోవడానికి గోడల్లో సందులున్న చిన్న గదులు. జర్మన్లు రాలేదు. గదులు మాత్రం పొదల్లో అలాగే మిగిలిపోయాయి, దాచుకునే ఆటకి అనువుగా. వాటిలో ఒకదాని వెనక మా వందో డబ్బా ఉండాలి. ఏదో చెప్పను. చెబితే దాచినవాళ్ళ ఆట పాడవుతుంది.

అరగంట వెతికాక మా అమ్మాయి కింద కూర్చుంది. ఏడవలేదు. ఏడవకుండా గడ్డి పీకుతూ కూర్చుంది. నేను ఫోనులో పాత లాగులు చూశాను. పోయిన వారమే ఒకరు 'దొరికింది' అని రాశారు. అంటే చోటు సరైనదే, డబ్బా ఈ వారంలోనే పోయిందన్నమాట. నేను బ్యాగులోంచి ఫిల్ము డబ్బీ తీశాను. కాయితం చుట్ట పెట్టాను. ఆ మొదటి వరసలో మా అమ్మాయి చేత పేరు రాయించి తేదీ వేయించాను. బొరియలో పెట్టి తీగ కప్పాను.

"పాతది పోయింది కాబట్టి మనం కొత్తది పెట్టాం. దాచినవాళ్ళకి మనం సాయం చేసినట్టు. నీకు వంద" అన్నాను.

దాని మొహం వెలిగింది. తాతయ్య చెయ్యి పట్టుకుని ఎగిరింది. నేను ఫోటో తీశాను. ఆ ఫోటోలో నాన్న కూడా నవ్వుతూనే ఉన్నాడు. కానీ నాలుగడుగులు వేశాక, పిల్ల ముందుకి పరిగెత్తాక, మెల్లగా అడిగాడు:

"ఒరేయ్, మనం దాచిందే మనకి దొరికినట్టా?"

* * *

ఆ రాత్రి నేను 'దొరికింది' అని లాగు రాశాను. రాసేముందు నాకు నేను మూడు సమాధానాలు చెప్పుకున్నాను. ఒకటి, ఎవరికీ నష్టం లేదు. రెండు, పైగా మేలే, తర్వాత వచ్చేవాళ్ళకి డబ్బా దొరుకుతుంది. మూడు, ఇది ఆట. మూడూ వినడానికి బాగానే ఉన్నాయి. అందుకే వాటిని ఒక్కొక్కటిగా పట్టి చూడాలనిపించింది.

నేను చేసినదానికి ఆటలో ఒక పేరుంది. త్రోడౌన్. దొరకని డబ్బా స్థానంలో మనమే ఒకటి పారేసి, దొరికిందని రాసుకోవడం. ఆట నడిపేవాళ్ళు దీన్ని మెచ్చుకోరు. ఎందుకో మొదట నాకు అర్థం కాలేదు. పాత డబ్బా నిజంగా పోతే కొత్తది పెట్టడం ఉపకారమే కదా?

కానీ పోయిందని నాకెలా తెలుసు? నాకు తెలిసిందల్లా నాకు దొరకలేదని. ఈ రెండూ వేర్వేరు వాక్యాలు. పై తరగతి ఆటగాళ్ళు ఒక డబ్బాని ఎంత మాయగా దాచగలరంటే, మన చెయ్యి దానిమీదే ఉన్నా తెలియదు. ఆకాశం సరిగ్గా కనపడని చెట్ల కింద జీపీఎస్ నిఖార్సుగా ఉండదు. పేజీలో అక్షాంశ రేఖాంశాలు నిమిషంలో వెయ్యో వంతు దాకా ఇస్తారు, ఉత్తర దక్షిణాలుగా చూస్తే అది రెండు మీటర్ల లోపే. ఫోను పట్టుకున్న మనిషి మాత్రం ఏడెనిమిది మీటర్లు అటూ ఇటూ ఉండొచ్చు. 'నాకు దొరకలేదు' అన్నది నా గురించిన నిజం. 'అక్కడ లేదు' అన్నది లోకం గురించిన నిర్ణయం. మొదటిదాన్ని పట్టుకుని నేను రెండోది తీర్మానించేశాను. పాతది అక్కడే ఇంకో మూల ఉంటే, ఇప్పుడు ఒకే చోట రెండు డబ్బాలు, వాటిలో ఒకటి అబద్ధం.

నిజంగానే పోయిందనుకుందాం. అప్పుడు నష్టం ఎవరికి? దాచినవాళ్ళకి. వాళ్ళ డబ్బాలో ఏళ్ళ తరబడి వచ్చినవాళ్ళ సంతకాలున్న చిన్న పుస్తకం ఉంటుంది. అది పోయింది. పోయినందుకు నేను కారణం కాదు. కానీ పోయిన సంగతి వాళ్ళకి తెలియకుండా చేసింది నేను. వరసగా ఇద్దరు ముగ్గురు 'దొరకలేదు' అని రాస్తే దాచినవాళ్ళు వచ్చి చూసుకుంటారు. ఆ వరస నా దగ్గర మొదలవ్వాల్సింది. నేను దాన్ని తుంచేశాను. వస్తువు పోవడం ఒక నష్టం. పోయిందని తెలియకపోవడం ఇంకో నష్టం, దానికి వేరే బాధ్యులుంటారు.

మా వృత్తిలో ఇది అందరికీ తెలిసిన సంగతే. ఎర్రగా వెలిగిన టెస్టు మంచిది. అది ఏదో చెబుతోంది. అసలు నడవకుండానే పచ్చగా కనిపించే టెస్టు ప్రమాదం, ఎందుకంటే దాన్ని చూసి ఇంకొకళ్ళు ధైర్యంగా ముందుకెళ్తారు. ఇదంతా ఆఫీసులో కుర్రాళ్ళకి నేనే చెప్తాను. ఆదివారం మాత్రం గుర్తుకి రాలేదు.

* * *

ఇక మూడో సమాధానం, ఆట. ఇది అన్నిటికంటే గట్టిది.

అబద్ధానికి మినహాయింపులు మన పుస్తకాల్లో బోలెడు. బలి చక్రవర్తికి శుక్రాచార్యుడు చదివే జాబితా పోతన పద్యంగా మనలో చాలామందికి వచ్చు. ఆడవాళ్ళ దగ్గర, పెళ్ళిళ్ళలో, ప్రాణానికీ డబ్బుకీ మానానికీ ముప్పొచ్చినప్పుడు. మహాభారతం ఆదిపర్వంలో శర్మిష్ఠ యయాతికి చెప్పే జాబితాలో ఇంకొకటి ఉంటుంది: పరిహాసం. వేళాకోళానికి ఆడిన అబద్ధం హాని చెయ్యదని. నా లాగు ఆ కిందకి వస్తుందా?

రాదనుకుంటాను. పరిహాసం పరిహాసమని వినేవాడికి తెలుస్తుంది, అప్పుడో, కాసేపటికో. ఇద్దరూ కలిసి నవ్వుకుంటారు. అబద్ధం అక్కడ బయటపడటానికే పుడుతుంది. నా లాగు బయటపడకూడదని రాసింది. చదివేవాడు నమ్మితేనే అది పనిచేస్తుంది. ఆటలో ఆడినంత మాత్రాన అబద్ధం ఆట అయిపోదు. పేకాటలో ముక్కలు దాచి మొహం అమాయకంగా పెట్టడం ఆటలో భాగం. చేతి కింద జోకరు దోపుకోవడం ఆటలో భాగం కాదు. రెండూ మోసగించడమే, కానీ ఒకదానికి ఎదుటివాడు ముందే ఒప్పుకుని కూర్చున్నాడు.

బెర్నార్డ్ సూట్స్ అనే తత్వవేత్త 1978లో 'ద గ్రాస్‌హాపర్' అని ఒక పుస్తకం రాశాడు. ఆట అంటే ఏమిటో చెప్పడం సాధ్యం కాదనేవాళ్ళకి జవాబుగా, సాధ్యమే అని చెప్పిన పుస్తకం. ఆయన మాట నా మాటల్లో చెప్పాలంటే, అక్కర్లేని అడ్డంకుల్ని మనంతట మనమే ఒప్పుకుని వాటిని దాటడానికి ప్రయత్నించడమే ఆట. గోల్ఫు బంతి గుంటలో పడటమే కావాలంటే చేత్తో తీసుకెళ్ళి వెయ్యొచ్చు. కర్రతోనే కొట్టాలి అనే అనవసరపు నియమం ఒప్పుకోబట్టే అక్కడ ఒక ఆటంటూ ఉంది. ఆ లెక్కన నియమం తప్పినవాడు ఆటలో గెలవలేదు, అసలు ఆడనేలేదు. నాన్న అడిగింది కూడా ఇదే. తప్పు చేశావని ఆయన అనలేదు. 'దొరకడం' అనే మాటకి అక్కడ అర్థం ఉందా అని అడిగాడు.

బాగుంది. కానీ సూట్స్ చెప్పినదాంట్లో నాకొక లోటు కనిపిస్తుంది. నేను ఆట ఆడలేదు, సరే. ఆడకపోవడం పాపమా? ఆదివారం మధ్యాహ్నం ఆడకుండా ఇంట్లో పడుకునేవాళ్ళు కోట్లమంది. సూట్స్ నాకు వందో డబ్బా దక్కలేదని రుజువు చేస్తాడు. నేను తప్పు చేశానని రుజువు చెయ్యడు. అది వేరేచోట వెతుక్కోవాలి.

* * *

మంగళవారం రాత్రి భోజనాల దగ్గర నాన్న గేజి రిజిస్టరు సంగతి చెప్పాడు. నేను చిన్నప్పుడు విన్నదే, కానీ ఇంత వివరంగా కాదు.

లాకు దగ్గర గేజి మీద నీటిమట్టం పొద్దునా సాయంత్రం చూసి రిజిస్టర్లో రాయాలి. ఒకసారి మా అమ్మకి జ్వరం ఎక్కువై ఊళ్ళో ఆసుపత్రికి తీసుకెళ్ళి, సాయంత్రం గేజి చూడలేకపోయాడు. మర్నాడు పొద్దున వచ్చి చూస్తే నిన్న పొద్దుటి అంకే ఉంది. సాయంత్రం కూడా అదే ఉండుంటుందని ఎవరైనా అనుకుంటారు. అదే రాసేస్తే ఎవరూ అడగరు. పక్క లాకు ఆయన అయితే ఇంట్లోంచే రాసేవాడట. నాన్న అక్కడ అడ్డగీత పెట్టాడు. చూళ్ళేదని అర్థం. తనిఖీకి వచ్చిన అధికారి ఆ గీత చూసి మెమో ఇచ్చాడు. ఇంట్లోంచి రాసినాయన రిజిస్టరు మాత్రం ఎక్కడా ఖాళీ లేకుండా ముచ్చటగా ఉంది.

"నీకు కోపం రాలేదా?" అని అడిగాను.

"వచ్చింది. కానీ శివారు పొలాలకి నీళ్ళు అందలేదని రైతులు వచ్చినప్పుడు ఆ రిజిస్టర్లే తీస్తారు. ఏ పూట మట్టం పడిపోయిందో అందులో వెతుకుతారు. చూడని పూట చూసినట్టు రాస్తే, ఆ పూట ఏమీ జరగలేదని నేను సాక్ష్యం చెప్పినట్టే కదా."

నేను తల వంచుకుని అన్నం కలుపుతున్నాను. ఆదివారం లాగు సంగతి చెప్పి, దాన్ని మార్చేస్తాను అన్నాను. నాన్న గట్టిగా మెచ్చుకుంటాడనుకున్నాను.

"ఎందుకురా?" అన్నాడు. "అది నీళ్ళ సంగతి. ఇది ఆట. పిల్ల అంత సంబరపడింది. ఉండనీ."

ఆదివారం నన్ను అడ్డంగా నిలబెట్టిన మనిషే మంగళవారం నన్ను వదిలేశాడు. నాకు నిజంగా తోచలేదు. గీత పెట్టిన మనిషి 'ఉండనీ' అంటే, అది అశ్రద్ధతో అన్న మాట కాదు. ఆయన దృష్టిలో రిజిస్టరు పవిత్రం కాదు. దాని వెనక ఉన్న పొలం ముఖ్యం. డబ్బా లాగు వెనక ఏ పొలమూ లేదు. పొలం లేనిచోట మనవరాలి సంతోషాన్ని మించింది ఏముంటుంది?

రెండు రోజులు దీనిమీదే ఆలోచించాను. ఇప్పటికి నాకు తోచింది ఇది. రిజిస్టర్లో తప్పు రాసినా కాలవలో నీళ్ళు నీళ్ళలాగే ఉంటాయి. ఇంకో లాకు దగ్గర ఇంకో గేజి ఉంటుంది, పొలం ఎండితే కళ్ళకి కనిపిస్తుంది. నిజం ఎక్కడో ఒకచోట తనంతట తను నిలబడి ఉంటుంది. మా ఆటకి అలాంటి ఆధారం లేదు. గోళీలు, ప్లాస్టిక్ డైనోసార్లు, ఫిల్ము డబ్బీలు. వాటి వెల సున్నా. ముక్కూ మొహం తెలియని మనుషులు ఒకళ్ళకొకళ్ళు నిజం రాసుకోవడమే ఆట మొత్తం. అది తీసేస్తే మిగిలేది పొదల్లో చెత్త. పనికొచ్చే వస్తువుల్లో అబద్ధం కొంత ఇమిడిపోతుంది, ఆ పని వాటిని నిలబెడుతుంది. పనికిరాని వాటిని నిలబెట్టేది మనుషుల నిజాయితీ ఒక్కటే. నాన్నకి అర్థంకాని ఆ కాలవ లాగే. పొలం లేదు, సరుకు లేదు. ఎవరో బురదలో దిగి, ఇష్టంకొద్దీ, నిలబెట్టారు.

కాబట్టి నష్టం చిన్నదే, నాన్న చెప్పింది నిజమే. కానీ ఆ చిన్నదానికి ఉన్నది కూడా అంతే.

ఇంకొకటి. వంద అన్నది మా అమ్మాయికి ఎందుకు అంత ముఖ్యం? ముందున్న తొంభై తొమ్మిదీ నిజం కాబట్టి. వర్షంలో వెతికినవి, మూడోసారి వెళ్తే దొరికినవి, దొరక్క 'దొరకలేదు' అని దాని చేత నేను రాయించినవి కూడా ఉన్నాయి. ఆ నిజాల విలువనే అప్పు తెచ్చి నేను వందోదానికి పెట్టాను. అప్పు తెచ్చినట్టు దానికి చెప్పలేదు.

* * *

శుక్రవారం, నాన్న వెళ్ళిపోయిన మర్నాడు, మా అమ్మాయిని కూర్చోబెట్టి చెప్పాను. మనకి అది దొరకలేదు, నేను దొరికినట్టు చేశాను, మార్చాలి అని. నా లెక్కలో అది అర్థం చేసుకుంటుంది. పుస్తకాల్లో పిల్లలు అర్థం చేసుకుంటారు కదా.

అది అడిగింది, "ఈ సంగతి తాతయ్య ఉన్నప్పుడు ఎందుకు చెప్పలేదు? బుధవారం ఇంకోచోటికి వెళ్ళేవాళ్ళం కదా?"

నా దగ్గర జవాబు లేదు. మంగళవారం రాత్రే నాకు తెలుసు. బుధవారం ఖాళీగా ఉన్నాం. ఇంటి దగ్గర్లోనే ఒక సులువైన డబ్బా ఉంది, తాతయ్యతో కలిసి పది నిమిషాల నడక. నేను నా మనస్సాక్షి గురించి సూక్ష్మంగా ఆలోచిస్తూ బుధవారాన్ని పోనిచ్చాను. ఆ అబద్ధంలోకి నేను ఎవర్నీ అడక్కుండా పిల్లని దింపాను. నిజంలోకి వచ్చేటప్పుడు ఖర్చు దానిమీద పడింది. ఈ వ్యాసంలో ఇప్పటిదాకా రాసిన వాదాలన్నీ సరైనవే అని నా నమ్మకం. కానీ వాటిలో ఒక్కటి కూడా ఆ ప్రశ్నకి జవాబు కాదు. నిజాయితీకి ఒక వేళ ఉంటుంది. ఆ వేళ పిల్‌బాక్స్ వెనక, డబ్బీ నా చేతిలో ఉన్నప్పుడు. అప్పుడు నిజం ఖరీదు కాసేపు గడ్డి పీకుతూ కూర్చున్న పిల్ల మొహం. శుక్రవారానికి అది బాగా పెరిగింది.

లాగు మార్చాను. 'దొరకలేదు. అక్కడ ఒక ఫిల్ము డబ్బీ పెట్టింది నేనే. తొందరపడ్డాను, వచ్చి తీసేస్తాను, మీరు చూసుకోండి' అని రాశాను. ఆ శనివారం ఒక్కణ్ణే వెళ్ళి డబ్బీ తీసేశాను. మొదటి వరసలో మా అమ్మాయి సంతకం, ఆదివారం తేదీ. ఆ కాయితం పారెయ్యబుద్ధి కాలేదు. నా బల్ల సొరుగులో ఉంది.

మూడు వారాల తర్వాత దాచినవాళ్ళు కొత్త డబ్బా పెట్టినట్టు పేజీలో రాశారు. నాకంటే ముందు వారం 'దొరికింది' అని రాసినవాళ్ళ లాగు ఈలోగా 'దొరకలేదు'గా మారి ఉంది. వాళ్ళకి ఏం జరిగిందో నాకు తెలియదు, అడగలేదు.

మా అమ్మాయి రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. వందోది ఒక సూపర్‌మార్కెట్ కారు పార్కింగు పక్కన, వీధిదీపపు స్తంభం అడుగున, సన్నటి తుంపరలో దొరికింది. ఫోటో తియ్యనా అంటే వద్దంది. ఇంటికొచ్చాక తాతయ్యకి ఫోను చేసి చెప్పింది. "మరి మొన్నటిది?" అని ఆయన అడగడం నాకు వినిపించింది.

"అది లెక్కలోకి రాదు తాతయ్యా. దానికి గీత పెట్టాం" అంది.

అటువైపు నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, సూపర్‌మార్కెట్లో దొరికిన డబ్బాలో అయినా డబ్బులున్నాయా అని అడిగాడు.